చేతి నరం నొప్పికి బెల్టు కట్టాలా, వద్దా?

ఈసారి ఆకు గురించి కాదు, గూళ్ల ధర గురించి కాదు, చేతి గురించి రాస్తున్నాం. మొన్న గ్రూపులో ఒకరు మణికట్టు బెల్టు ఫోటో పెట్టి, ఇది కడితే తిమ్మిర్లు పోతాయా అని అడిగారు. పది మంది పది తీర్లు చెప్పారు. మా ఇంట్లో రెండు చేతులకు ఈ ప్రశ్న వచ్చింది. ఒక చేతికి బెల్టు మేలు చేసింది. ఇంకో చేతిని మొద్దుబార్చింది. మేము డాక్టర్లం కాదు, పదో తరగతి పాసైనవాళ్లం. డాక్టర్లు చెప్పింది, మేము పడింది, అంతే ఇక్కడ ఉన్నది.

మొదటి చెయ్యి మా ఇంటామెది. రెండేళ్ల కింద వానాకాలం పంటలో, పురుగులు నాలుగో జ్వరం లేచిన మూడో రోజు, తడి కొమ్మల మోపు ఎత్తుకొని షెడ్డు గడప దగ్గర జారింది. కుడి మణికట్టు విరిగింది. పురుగు తన బతుకులో తినే ఆకులో ఎనభై శాతం పైన ఆ ఆఖరు వారంలోనే తింటుంది కదా, ఆ వారం ఎట్ల గడిచిందో మీకు చెప్పక్కర్లేదు. ఆరు వారాలు పిండికట్టు. విప్పినంక ఎముక మంచిగ అతికింది అన్నారు. నొప్పి మాత్రం తగ్గకపోగా పెరిగింది. చెయ్యి ఉబ్బి, ఒకసారి ఎర్రగా వేడిగా, ఒకసారి నీలంగా చల్లగా అయ్యేది. చీర కొంగు తగిలినా మంట. తడి తువ్వాలు చుట్టుకొని కూర్చునేది.

మాకు తోచింది ఏంది? కదిపితే నొప్పి, కదపకుంటే కొంచెం నయం. అంటే కట్టేయాలె. దగ్గరి పట్నంలో ఒక షాపులో నాలుగు వందలు పెట్టి బెల్టు తెచ్చినం. పొద్దున కట్టింది రాత్రి పడుకున్నా విప్పలే. మూడు నెలలైనంక చూస్తే వేళ్లు ముడుచుకోవు, పిడికిలి పడదు. బెల్టు గట్టిగ లేదేమో అని ఇంకో పెద్దది తెచ్చినం. ఆ పని చేసింది మేమే, ఎవరినీ అనేది లేదు.

మా పెద్దన్న వాళ్లు ముంబై వర్లిలో ఉంటారు. ఇటు కరీంనగర్, నల్లగొండ దిక్కు పద్మశాలీలు ఒకప్పుడు బట్టల మిల్లులకు పోయి అక్కడే నిలిచిపోయినట్టే, మా పెద్దనాయన కూడా మిల్లులో మగ్గం నడిపిండు. 1982 జనవరి 18న మొదలైన పెద్ద సమ్మె తర్వాత మిల్లు పోయింది, చాల్ గది మిగిలింది. మేము పోయినప్పుడు అన్నావాళ్లు ఇంకా వర్లి బీడీడీ చాల్‌లోనే ఉన్నారు. నూట అరవై చదరపు అడుగుల గది. అందులో మేము ఇద్దరం, వాళ్లు నలుగురం. మన చాకీ గదులు అంతకంటే పెద్దగుంటాయి.

రెండో చెయ్యి అక్కడ మా వదినది. పెళ్లికి ముందు కామాటిపురాలో తల్లితో పాటు బీడీలు చుట్టింది, తర్వాత ఇరవై ఏళ్ల నుంచి చీరలకు ఫాల్, పీకో కుడుతోంది. రాత్రి రెండు గంటలకు బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారి లేచి కూర్చునేది, చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గేది. ఆమెకు రాత్రిపూట బెల్టు ఇచ్చారు, రెండు నెలల్లో నిద్ర పట్టింది. అందుకని మా ఇంటామెను చూడగానే, ‘‘చెల్లే, నాది తగ్గింది, నీదీ తగ్గుతది, విప్పకు’’ అన్నది. మంచి మనసుతోనే అన్నది. కానీ రెండు నొప్పులూ ఒకటి కాదు.

వర్లికి దగ్గరలోనే, హాజీ అలీ కాడ, 1955 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అఖిల భారత ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ సంస్థ. కృత్రిమ కాళ్లు, చేతి పట్టీలు అక్కడే తయారు చేస్తారు. అన్న అక్కడికి తీసుకపోయిండు. డాక్టరమ్మ ముందు బెల్టు విప్పించి, రెండు చేతులు పక్కపక్కన పెట్టించి రంగు చూసింది, వేడి చూసింది, గోళ్లు చూసింది. తర్వాత అడిగిన మొదటి మాట: ఈ బెల్టు ఏ పని కోసం కట్టారు? నొప్పికి అన్నాం. నొప్పికి కాదమ్మా, బెల్టుకు ఒక పని ఉండాలె అన్నది.

ఆ మాటకు అర్థం వదిన చెయ్యితో మొదలుపెడితే తేలిక. మణికట్టు లోపల ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య సన్నని సందు ఉంటుంది. అందులోంచి తొమ్మిది కండర తాళ్లు, ఒక నరం పోతాయి. మణికట్టు వంగితే సందులో ఒత్తిడి పెరుగుతుంది, నరం నలుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండా చెయ్యి ముడుచుకొని పడుకుంటాం, అందుకే తిమ్మిరి అర్ధరాత్రి లేపుతుంది. దీన్ని కార్పల్ టనెల్ అంటారు. ఇక్కడ బెల్టు పని మణికట్టును తిన్నగా ఉంచడం, అదీ పడుకున్నప్పుడు. షాపుల్లో దొరికే చాలా బెల్టుల్లో ఇనుప రేకు వెనక్కి వంగి ఉంటుంది, దాన్ని తీసి తిన్నగా చేసి పెట్టాలి. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది బెల్టు పనిచేయలేదని పక్కన పడేస్తారు. ఆరు వారాలు రాత్రులు కట్టి చూడాలి. తగ్గకపోతే సూది మందు, నరాల పరీక్ష, అవసరమైతే చిన్న ఆపరేషన్. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతుంటే, వస్తువులు చేతిలోంచి జారిపోతుంటే బెల్టుతో కాలం గడపొద్దు.

మా ఇంటామెది వేరే. సి.ఆర్.పి.ఎస్. అన్నారు, కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. దెబ్బ మానినా నరాల వ్యవస్థ ఆపద ఉన్నట్టే గంట కొడుతూ ఉంటుంది. మణికట్టు విరిగిన తర్వాత రావడం ఎక్కువ. ఇది కొత్త రోగం కాదు. 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో తూటా తగిలి నరం దెబ్బతిన్న సైనికుల్లో ఇటువంటి మంటను సైలస్ వీర్ మిచెల్ అనే డాక్టరు చూసి రాశాడు. వాళ్లూ చేతికి తడి గుడ్డ చుట్టుకొని కూర్చునేవాళ్లట. ఆ మాట విని మా ఇంటామె తన తువ్వాలు చూసుకుంది.

ఈ నొప్పిలో చెయ్యిని కట్టేస్తే ఏమవుతుంది? కీళ్లు బిగుసుకుంటాయి, కండ తగ్గుతుంది. అంతకన్నా చెడ్డది, మెదడు ఆ చేతిని ‘ముట్టుకోరానిది’గా లెక్క కడుతుంది. అందుకే వైద్యం తలకిందులుగా ఉంటుంది, నొప్పి ఉన్నా కొద్దికొద్దిగా కదపాలి. ఆమెకు అద్దం ఇచ్చారు. అద్దం వెనక కుడిచెయ్యి దాచి, ముందు ఎడమచెయ్యి ఆడిస్తే, అద్దంలో కుడిచెయ్యే నొప్పి లేకుండా ఆడుతున్నట్టు కనబడుతుంది. రోజూ గుడ్డలతో తాకించమన్నారు, మెత్తటివి మొదలు గరుకువి దాకా. ఇంటికొచ్చినంక మేము దూది, పట్టుగూడు మీది నూగు, పట్టుబట్ట, తువ్వాలు, ఆఖరికి గోనె సంచి వాడినం. పట్టుగూటి నూగు కూడా మొదటి వారం ఓర్చుకోలేదు. నరాల నొప్పికి మాత్రలు కూడా ఇచ్చారు. ఆ మాత్రలు మామూలు ఒళ్లునొప్పుల గోళీలు కావు, సొంతంగా కొనేవీ కావు, ఉన్నట్టుండి ఆపేవీ కావు.

మరి బెల్టు పూర్తిగా మానేయాలా అని అడిగాం. బస్సులో, సంతలో, జనం తగిలే చోట గంటా రెండు గంటలు కట్టుకోవచ్చు, ఇంటికి రాగానే విప్పి చెయ్యి ఆడించాలి అన్నారు. ఏ పనికి, ఏ గంటలకు, ఎప్పటిదాకా. ఈ మూడింటికి జవాబు లేకుండా బెల్టు కట్టొద్దు. అప్పటి నుంచి మేము ఇదే పట్టుకున్నాం.

మిగతా నరాల సంగతి తొందరగా చెప్తాం. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కితే నరం నలిగేది ఎక్కువగా మోచేతి దగ్గర. మణికట్టు బెల్టు దానికి పనికిరాదు. రాత్రి మోచెయ్యి పూర్తిగా ముడవకుండా తువ్వాలు చుట్టుకోవడం, మోచెయ్యి బల్ల మీద ఆనించకపోవడం మేలు. మెడ తిప్పితే నొప్పి భుజం నుంచి చేతికి జారితే జబ్బు మెడలో ఉంది. మణికట్టు వేలాడిపోయి లేవకపోతే మాత్రం కథ వేరు. అక్కడ చెయ్యిని లేపి పట్టే పట్టీ తప్పకుండా కావాలి, లేకుంటే వేళ్లు పనిచేయవు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉండి వేళ్లు మొద్దుబారితే ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. కుష్ఠుకు మందు ఉచితం, తొందరగా వాడితే చెయ్యి దక్కుతుంది. షుగరు ఉన్నవాళ్లు, స్పర్శ తగ్గినవాళ్లు బెల్టు కడితే రోజూ విప్పి చర్మం చూసుకోవాలి. ఒరుసుకొని పుండు పడ్డా తెలియదు.

మన పనిలో ఇంకో రెండు ముచ్చట్లు. బ్రష్ కట్టర్‌తో కొమ్మ కోసేవాళ్లకు ఆ అదురు నరానికి మంచిది కాదు, అరగంటకొకసారి చెయ్యి మార్చండి. రెండోది, బెల్టు గుడ్డది. చెమట, దుమ్ము, చచ్చిన పురుగు రసం అన్నీ పీల్చుకుంటుంది. అదే బెల్టుతో చాకీ పురుగుల దగ్గరికి పోతే రోగం మనమే మోసుకపోయినట్టు. షెడ్డులో తప్పదనుకుంటే దానికి వేరే బెల్టు పెట్టుకోండి, రేకు తీసి ఉతికి ఎండలో ఆరేయండి. బ్లీచింగ్ నీళ్లలో రేకుతో సహా ముంచితే తుప్పు పడుతుంది, మేము ఒకటి పాడు చేసుకున్నాం.

ఆ ఏడు రెండు పంటలు వదిలేసినం. తర్వాత వంద గుడ్ల పంటను యాభైకి తగ్గించినం. మా ఇంటామె ఇప్పుడు కుడిచేత్తో ఆకు పరుస్తుంది, గూళ్లు ఏరుతుంది. మోపు ఎత్తదు, కత్తెర పట్టదు. చలికాలం పొద్దున చెయ్యి ఇంకా మండుతుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్లలో పెట్టి పిడికిలి మూసి తెరుస్తుంది. ఆ పెద్ద బెల్టు షెడ్డులో మేకుకు వేలాడుతోంది. ఊరికి పోయేనాడు మాత్రం తీస్తుంది.