నాన్నను చూడని బిడ్డకు...

పెద్ద వయసులో, మనవలను ఎత్తుకుని మరీ కన్నుమూసిన మనిషిని తలుచుకోవడానికి ఎన్ని కబుర్లో! కానీ 31 ఏళ్లకే పోయిన కుర్రవాడి గురించి ఎవరు మాట్లాడతారు చెప్పండి? "పాపం" అనేసి మాట మార్చేస్తాం. మనమే కాదు, నైజీరియాలోని యోరుబాలూ అంతే. పండు ముసలితనంలో పోయిన వాళ్లను బంధువులంతా ఒకే రకం గుడ్డ కుట్టించుకుని, వాయిద్యాలతో, విందుతో సాగనంపుతారు. చిన్న వయసులో పోతే మాత్రం అంతా గుట్టుగా కానిచ్చేస్తారు. బిడ్డ సమాధిని కన్నవాళ్లు చూడకూడదన్నది వాళ్ల పాత ఆచారం.

ఇదంతా నాకు మా ఎదురింటి అబ్బాయి వల్ల తెలిసింది.

అమెరికాలోని హ్యూస్టన్‌లో మన తెలుగువాళ్లూ ఎక్కువే, నైజీరియావాళ్లూ ఎక్కువే. 2016లో మా ఎదురు వాటాలో ఒక యోరుబా జంట దిగింది. అతనిది ఇబాదాన్ నగరం, ఇంజనీరు ఉద్యోగం. ఆ అమ్మాయి అతని వీసా మీద వచ్చింది.

మా అమ్మ మా దగ్గరికి వచ్చిన కొత్తల్లో, మెట్ల దగ్గర ఎదురైన అతను చటుక్కున వంగి నేలను తాకాడు. అమ్మ కంగారుపడి, "ఏదో పారేసుకున్నట్టున్నాడు, చూడవే" అంది. పారేసుకున్నదేమీ లేదు, అది నమస్కారం! యోరుబా మగపిల్లలు పెద్దల ముందు సాష్టాంగపడాలట. హడావిడిలో ఉంటే వంగి నేల తాకినా చాలు. వాళ్ల భాషలో కూడా మనలాగే పెద్దవాళ్లను 'మీరు' అనాలి, ఈడువాళ్లను 'నువ్వు' అనొచ్చు. ఆ రోజు నుంచీ అమ్మకి అతను సొంత మనవడే.

భార్య కడుపుతో ఉందని తెలిశాక వంటింటి పని అతనే అందుకున్నాడు. శనివారాలు అలసందలు నానబోసి, పొట్టు తీసి, ఉల్లిపాయలు, మిరపకాయలు వేసి రుబ్బి నూనెలో వేసేవాడు. వాళ్లు 'అకారా' అంటారు. అమ్మ ఒకటి కొరికి, "అలసంద వడ కాదుటే ఇది! కాస్త అల్లం తగ్గింది, అంతే" అని తేల్చేసింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. మరుసటి వారం అల్లం దంచి వేసి మరీ తెచ్చాడు.

అలాగని అన్నీ ముచ్చట్లే కాదు. జీతం రాగానే తమ్ముళ్ల ఫీజులకు డబ్బు పంపేసేవాడు. "మరి మనకేం మిగిల్చావు?" అని ఆ అమ్మాయి గట్టిగానే అడిగేది. మాటలు మా వాటాలోకి వినిపించేవి. కాసేపటికి అతను చెత్త సంచి పట్టుకుని బయటికొచ్చి, నన్ను చూసి నవ్వేవాడు. "ఆంటీ, ఇవాళ తప్పు నాదే" అనేవాడు.

2018 సెప్టెంబరులో, రాత్రిపూట పని నుంచి వస్తూ కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆమెకు ఏడో నెల.

దుఃఖం ఒక్కటే అయితే ఎలాగో దిగమింగేదేమో. భర్త వీసా మీద వచ్చిన భార్యకు, భర్త పోతే ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో కాల్పులకు బలైన మన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ గుర్తున్నాడు కదా? ఆయన భార్య సునయనకూ ఇదే కష్టం వచ్చింది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే తాత్కాలికంగా అనుమతి దొరికింది. మా ఎదురింటి అమ్మాయికి అలాంటి అండ లేకపోయింది. పుట్టిన పాప అమెరికా పౌరురాలే, కానీ తల్లి సామాను సర్దుకోవాల్సిందే.

పుట్టిన ఎనిమిదో రోజున నామకరణం. తేనె, ఉప్పు, నీళ్లు పాప పెదవులకు తాకించి, ఒక్కోదానికీ ఒక్కో దీవెన ఇచ్చారు. పైదేశంలో పుట్టిన బిడ్డకు 'టోకున్‌బో' అని, తండ్రి లేనప్పుడు పుట్టిన బిడ్డకు 'అబిదెమి' అని పేరు పెట్టడం వాళ్లలో ఉంది. పాపకు రెండూ పెట్టారు. తల్లి మాత్రం ముందుగా టోకున్‌బో అనే పిలిచింది. అతను అనుకున్న పేరు అదేనట.

ఊరికి వెళ్లే ముందు లావుపాటి నోటుపుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఆంటీ, ఇలాంటి చావు గురించి మావాళ్లు మాట్లాడరు. ఎవరూ మాట్లాడకపోతే దీనికి నాన్న ఎలా తెలుస్తాడు? మీకు గుర్తున్నది రాయండి. మంచివాడని మాత్రం రాయకండి, అందరూ అదే రాశారు" అంది.

నేను అల్లం సంగతి రాశాను. చెత్త సంచి, "తప్పు నాదే" అన్న మాట కూడా రాశాను. తగువు సంగతి రాయనా వద్దా అని కాస్త ఆలోచించాను. చదివి ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. అమ్మ కింద తెలుగులోనే అలసంద వడల కొలతలు రాసిచ్చింది. ఎవరు చదువుతారే అంటే, "ఎవరో ఒకరు చదివి చెప్పకపోతారా" అంది.

మన ఇళ్లలోనూ గోడమీద దండ వేసిన ఫొటోల్లో చిన్నవయసు నాన్నలు లేరూ? ఆయనకు ఏ కూరంటే ఇష్టమో, ఏ మాటకు కోపం వచ్చేదో, తప్పు ఎలా ఒప్పుకునేవాడో ఆ పిల్లలకు ఎవరైనా చెప్పారా? ఏడుపొస్తుందని ఊరుకుంటే ఫొటో మిగులుతుంది గానీ మనిషి మిగలడు. ఓ సాయంత్రం పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క కబురు చెప్పి చూడండి.