ఎముకలు చెప్పు సాక్ష్యము

టైరనోసారస్ రెక్స్ అను మాంసాహారి రాకాసిబల్లికి గుండె ఎంతటిది? ప్రేగులెంత పొడవు? అస్థిపంజరమును చూచిన ప్రతి విద్యార్థికిని ఈ సందేహము కలుగును. అది అంతరించి 6.6 కోట్ల యేండ్లు గడచినవి. మాంసము మట్టిలో కలసినది, ఎముకలు మిగిలినవి. అయినను అవి మూగవి కావు.

కపాలకుహరమునకు అచ్చు తీసినచో మెదడుండిన తావు తెలియును. కాని అచ్చంతయు మెదడు కాదు. పొరలును రక్తనాళములును అందు చోటు పంచుకొనెను. వెన్నుపూసలలోని గుల్లలు పక్షులకుండునట్టి గాలితిత్తులకు గుర్తులు. కనుక విశాలమైన ఆ మొండెమంతయు ప్రేగులతోను కాలేయముతోను నిండియుండెనని తలంపరాదు.

ప్రేగుల విషయమున ఒక పసికూన సాక్ష్యమిచ్చినది. ఇటలీలోని పియెత్రరోయా రాళ్లలో దొరకి, 1998లో సిపియోనిక్స్ అను పేరు పొందిన చిన్న మాంసాహారి దేహమున ప్రేగులు శిలారూపమున నిలిచియున్నవి. అవి పొట్టివి, లావైనవి. మాంసము సులభముగ జీర్ణమగును గనుక శాకాహారులకు వలె పొడవైన ప్రేగులు అక్కరలేదు. అయినను కూన కొలతలను పెంచి పెద్దదానికి అంటగట్టుట తగదు.

టైరనోసారస్ గుండెను మాత్రము చూచినవారు లేరు. క్షీరదములలో గుండె బరువు దేహభారమున సుమారు 0.6 శాతము. ఆ లెక్కన 8 టన్నుల మృగమునకు 48 కిలోల గుండె ఉండవలెను. సరీసృపముల లెక్క పట్టినచో ఆ బరువు బాగుగ తగ్గును. ఏది వర్తించుననునది ఆ మృగము ఎంత చురుకుగ బ్రతికెననుదానిపై ఆధారపడును. కావున తరగతిలో 48 అని చెప్పిన చాలదు; ఏ జంతువును కొలబద్దగ పట్టిన ఆ అంకె వచ్చినదో అదియు చెప్పవలెను.