విస్కీలో పొగ వాసన ఎట్లా వస్తుంది?

స్కాట్లండుకు పశ్చిమాన ఐలా అనే చిన్న దీవి ఉన్నది. అక్కడ తయారయ్యే విస్కీలలో పెక్కింటికి ఘాటైన పొగ వాసన, దానితోపాటు ఆస్పత్రిని తలపించే మందు వాసన ఉంటాయి. కాని దాని ముడిపదార్థాలు మూడే: బార్లీ, నీరు, ఈస్టు. మరి ఈ పొగ ఎక్కడిది?

ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసిన విస్కీని సింగిల్ మాల్టు అంటారు. గింజ మొలకెత్తేటప్పుడు ఎంజైములు తయారవుతాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేవి ఇవే. మొలక మరీ పెరగకుండా గింజను వేడితో ఆరబెట్టాలి. చెట్లు తక్కువైన ఐలాలో ఇందుకు పూర్వం నుంచి పీటును కాల్చేవారు. నీరు నిలిచిన నేలల్లో పూర్తిగా కుళ్ళకుండా పేరుకొన్న నాచు, గడ్డి వంటి మొక్కల అవశేషమే పీటు. అది కాలినప్పుడు ఫినాలు, క్రెసాలు, గ్వయకాలు అనే ద్రవ్యాలు పుట్టి, పొగతోపాటు తడి గింజను అంటుకొంటాయి. 1865లో జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా వాడిన కార్బాలిక్ ఆమ్లం ఈ ఫినాలే. ఆస్పత్రి గుర్తుకు రావటానికి కారణమిదే! మన పల్లెల్లో దాలిమీద కాగిన పాలకు పట్టే పొగ వాసనలోనూ ఈ జాతి ద్రవ్యాలుంటాయి.

పులిసిన ద్రవాన్ని స్వేదనం చేసేటప్పుడు ఫినాలులు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి ద్రవాన్ని పట్టటం ఎప్పుడు ఆపుతారన్నదానిమీద పొగ పాలు ఆధారపడుతుంది. ఆ తరువాత చట్టం ప్రకారం కనీసం 3 సంవత్సరాలు ఓకు పీపాలలో నిలవ ఉంచాలి. ఆ కాలంలో కొయ్యలోని లిగ్నిన్ నుంచి వెనిలిన్ వంటి తీపి వాసనలు చేరుతాయి.

ఇన్నింటిని వేరుచేసి గుర్తించేది నాలుక కాదు, ముక్కు. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి మాత్రమే. ముక్కులో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. అందుకే నిపుణులు మూతి సన్నని గ్లాసులో పోసి ముందు వాసన చూస్తారు; పిమ్మట కొంచెం నీరు కలుపుతారు. ఎందుకు? 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కంప్యూటరు గణనలతో దీనిని పరిశీలించారు. ఆల్కహాలు 59 శాతానికి మించితే దాని అణువులు గ్వయకాలును చుట్టుముట్టి లోపలికి లాగుతాయి. 45 శాతం, అంతకు తక్కువ ఉంటే గ్వయకాలు ద్రవం ఉపరితలానికి చేరుతుంది. ఉపరితలానికి చేరినదే సులభంగా గాలిలో కలిసి ముక్కును చేరుతుంది.

ఈ రసాయనశాస్త్రం ఎంత ఆసక్తికరమైనా, ఆల్కహాలు కాన్సరు కారకమన్నది మరువరాదు. పీటు సంగతీ ఆలోచించదగినదే. అది ఏటా సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. మీటరు మందం పేరుకోవటానికి వెయ్యేళ్ళు పడుతుంది. ఒక్కసారి కాలిస్తే అన్నేళ్ళుగా దాచిన కార్బన్ గాలిలో కలుస్తుంది.