డాబా మీది మబ్బులు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



హాబీ అనగానే మనకి అల్లికలు, కుట్లు, పూసల బొమ్మలు, కుండీల్లో మొక్కలు గుర్తొస్తాయి. అన్నీ మంచివే. అయితే ఒకదానికి దారాలు కొనాలి, ఇంకోదానికి మట్టి మోయాలి, ఇంకోదానికి ఇంట్లో చోటు చూసుకోవాలి. ఈవేళ నేను చెప్పబోయే సరదాకి ఇవేవీ అక్కర్లేదు. సామానంతా పైనే ఉంటుంది. పూటకో రకం కొత్త సరుకు దిగుతూనే ఉంటుంది. మనం చెయ్యవలసిందల్లా తలెత్తి చూడడం, చేతిలో ఉన్న ఫోనుతో ఓ ఫోటో తియ్యడం. అవునండీ, మబ్బుల ఫోటోలు తియ్యడం గురించే నేను మాట్లాడేది. అందులోనూ ఎప్పుడో గాని కంటబడని వింత మబ్బుల గురించి.

నిజానికి మబ్బుల్ని చూడడం ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. డాబా మీద వడియాలు పెట్టినప్పుడు, ఆవకాయకి కారం ఎండబోసినప్పుడు, దండెం మీద బట్టలారేసినప్పుడు మన కన్నొకటి ఎప్పుడూ ఆకాశం మీదే ఉంటుంది. మా అత్తగారు వాకిట్లో నిలబడి ఒక్కసారి పైకి చూసి, "అమ్మాయ్, ఇవి ఉత్త మబ్బులే, భయంలేదు" అనో, "త్వరగా ఎత్తెయ్, ఇది ఆగదు" అనో చెప్పేవారు. చాలాసార్లు ఆవిడ మాటే నిజమయ్యేది. ఆవిడ చదివిన పుస్తకమేమీ లేదు. రోజూ ఒకేచోట నిలబడి ఒకే ఆకాశాన్ని నలభై ఏళ్ళు చూశారు, అంతే.

మాది విశాఖపట్నం. మా డాబా ఎక్కితే ఓ పక్క సముద్రం ముక్క, మరోపక్క కొండ, ఎదురింటి కొబ్బరిచెట్టు కనిపిస్తాయి. ఒక వైశాఖమాసం సాయంత్రం పెద్ద ఉరుముల గాలివాన వచ్చి వెలిసింది. తడిసిన బట్టలు తీద్దామని పైకెళ్ళాను. తలెత్తితే నోట మాట రాలేదు. ఆకాశం అడుగుభాగమంతా గుండ్రటి సంచులు వరసగా వేలాడదీసినట్టుంది. అస్తమించే ఎండ తగిలి ఒక్కో సంచీ పండిన బొప్పాయి రంగులో ఉంది. పరుగున కిందికొచ్చి ఫోను తీసుకెళ్ళి మూడు ఫోటోలు తీశాను. మా బంధువులందరికీ పంపాను. వచ్చిన జవాబు ఒక్కటే: "బట్టలు తడిశాయా వదినా?" అని!

ఆ మబ్బు పేరేమిటో తెలుసుకోవాలన్న పట్టుదలతో నా హాబీ మొదలైంది. దాన్ని మమ్మా మబ్బు అంటారట. లాటిన్‌లో ఆ మాటకి స్తనం అని అర్థం. పెద్ద ఉరుము మేఘం పైకి పెరిగి పెరిగి, ఇంక పైకి పోలేక, కంసాలి దాగలిలా పక్కలకి పరుచుకుంటుంది. ఆ పరుచుకున్న భాగం అడుగున చల్లబడి బరువెక్కిన గాలి కిందికి కుంగినచోట ఈ సంచులు ఏర్పడతాయి. సరిగ్గా ఎలా ఏర్పడతాయన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఇప్పటికీ ఒకే మాట లేదు. మన డాబా మీద కనిపించేదాని గురించి పెద్దపెద్దవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారంటే నాకు ఎంతో సరదా వేసింది.

అసలు మబ్బు అంటే ఏమిటి? అన్నం గిన్నె మీద మూత తీసి తిరగేసి చూడండి. లోపల నీటిబొట్లు ఉంటాయి. వేడి ఆవిరి పైకి లేచి, చల్లటి మూత తగిలి నీరయింది. ఆకాశంలోనూ అదే జరుగుతుంది, కాకపోతే అక్కడ మూత ఉండదు. నేల మీద వేడెక్కిన గాలి తేమతో పైకి పోతుంది. పోయేకొద్దీ చల్లబడుతుంది. కంటికి కనిపించని దుమ్ము రేణువులనీ, సముద్రపు ఉప్పు రేణువులనీ ఆసరా చేసుకుని ఆవిరి నీటిబిందువులవుతుంది. ఇంకా పైకి పోతే మంచు పలుకులవుతుంది. దూదికుప్పల్లాంటి మబ్బుల అడుగు పీట మీద పెట్టినట్టు సమంగా ఉంటుంది, గమనించారా? ఆవిరి నీరుగా మారే ఎత్తు ఆ చుట్టుపక్కలంతా ఇంచుమించు ఒకటే కావడమే అందుకు కారణం.

ఈ మబ్బులకి పేర్లు పెట్టినాయన ల్యూక్ హోవార్డ్. లండన్‌లో మందులు తయారుచేసే వ్యాపారం ఆయనది. వాతావరణం ఆయనకి సరదా మాత్రమే. 1802లో తన స్నేహితుల సంఘంలో ఒక ఉపన్యాసం ఇచ్చి, మబ్బుల్ని మూడు ముఖ్యమైన రకాలుగా విడదీశారు. ముంగురుల్లా పల్చగా ఉండేది సిర్రస్. కుప్ప పోసినట్టుండేది క్యుములస్. దుప్పటిలా పరుచుకునేది స్ట్రాటస్. వానకి నింబస్. పేపర్లో మనం తరచు చదివే క్యుములోనింబస్ అంటే వాన కురిసే కుప్ప మేఘం అన్నమాట. ఇప్పుడు ముఖ్యమైన జాతులు పదింటిని లెక్కపెడుతున్నారు. ఈ పేర్లన్నీ బట్టీపట్టక్కర్లేదు. ముంగురులు, కుప్ప, దుప్పటి – ఈ మూడూ గుర్తుంటే సగం చదువు అయినట్టే.

ఇక వింత మబ్బుల సంగతి. మన వేపు తేలికగా దొరికేది టోపీ మబ్బు. ఎండాకాలం మధ్యాహ్నాలు పెద్ద కుప్ప మేఘం జోరుగా పైకి పెరుగుతున్నప్పుడు, దాని నెత్తిన పల్చటి కొంగు కప్పినట్టు ఒక తెల్లటి పొర కనిపిస్తుంది. కింది మేఘం తన పైనున్న తేమగాలిని ఎగదోస్తుంది. ఆ గాలి చల్లబడి పొరలా మారుతుంది. కొద్ది నిమిషాల్లో మేఘం ఆ కొంగుని చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. "తర్వాత తీద్దాంలే" అనుకుంటే దొరకదు.

ఇంకోటి చిల్లు మబ్బు. పల్చటి మబ్బు పొర మధ్యలో ఎవరో గుండ్రంగా కత్తిరించినట్టు పెద్ద చిల్లు ఉంటుంది. కొన్ని మబ్బుల్లో నీరు గడ్డకట్టవలసినంత చల్లబడి కూడా ఇంకా నీరుగానే ఉంటుంది. దానిలోంచి విమానం వెళ్ళినప్పుడు కొన్ని బిందువులు గడ్డకడతాయి. అంతే, పాలల్లో తోడు చుక్క పడినట్టు, ఆ మార్పు చుట్టూ పాకుతుంది. మంచు పలుకులు పెరిగి కిందికి రాలిపోతాయి. రాలినచోట చిల్లు మిగులుతుంది.

కొండల దగ్గర కనిపించేది కటక మేఘం. బోర్లించిన పళ్ళెంలా, ఒక్కోసారి పళ్ళేలు దొంతర పెట్టినట్టు ఉంటుంది. దీన్ని లెంటిక్యులారిస్ అంటారు, అంటే మసూరుపప్పు బద్దలాంటిదని. కళ్ళద్దాల లెన్సు అన్న మాటా ఆ పప్పు పేరు నుంచి వచ్చిందేనట! గాలి కొండ మీదుగా పోతూ కెరటంలా లేచి పడుతుంది. లేచినచోట మబ్బు పుడుతుంది, పడినచోట కరిగిపోతుంది. అందుకని గాలి ఎంత జోరుగా వీస్తున్నా మబ్బు మాత్రం కదలకుండా నిలబడినట్టే ఉంటుంది. బదరీ, కేదార యాత్రలకి వెళ్ళినప్పుడు దీనికోసం చూడండి. అంతదూరం పోలేనివారికి మన పాడేరు దగ్గర వంజంగి కొండ ఉంది. శీతాకాలం తెల్లవారుజామున పైకెక్కితే లోయంతా నిండిన మబ్బు కాళ్ళకింద సముద్రంలా కనిపిస్తుంది. రాత్రి చల్లబడ్డ గాలి లోయలోకి దిగి, అందులోని తేమ మంచుగా మారితే అలా అవుతుంది. ఎండ ఎక్కాక అది కరిగిపోతుంది.

"ఇదంతా కాలక్షేపమేగా, దీనివల్ల ఎవరికి ఉపయోగం?" అని మీరు అడగవచ్చు. మావారూ అడిగారు. ఆయనకి చెప్పిన కథే మీకూ చెప్తాను.

2006 జూన్‌లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, సీడర్ రాపిడ్స్ అనే ఊళ్ళో, ఒకావిడ ఆఫీసు భవనం కిటికీలోంచి బయటికి చూసింది. సముద్రాన్ని అడుగునుంచి చూస్తున్నట్టు ఆకాశమంతా అలలు అలలుగా ఉంది. ఆవిడ ఫోటో తీసింది. ఇంగ్లండులో గావిన్ ప్రీటర్ పిన్నీ అనే ఆయన 2005లో మబ్బుల్ని ఇష్టపడేవాళ్ళకోసం ఒక సంఘం పెట్టారు. ఈ ఫోటో వాళ్ళకి చేరింది. అలాంటివే ఇతర దేశాలనుంచీ వచ్చాయి. పాత పేర్లలో ఏదీ దీనికి సరిగ్గా అతకడం లేదని ఆ సంఘంవారు గమనించి, కొత్త పేరు కావాలని అడిగారు. మబ్బుల విషయంలో ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే పుస్తకం ఒకటుంది, అంతర్జాతీయ మేఘాల అట్లాస్ అని. మొదట 1896లో అచ్చయింది. ప్రపంచ వాతావరణ సంస్థ 2017 మార్చిలో దాని కొత్త కూర్పు తెచ్చినప్పుడు ఈ అలల మబ్బుని ఆస్పెరిటాస్ అన్న పేరుతో అందులో చేర్చింది. ఆ మాటకి గరుకుదనం అని అర్థం.

చూశారా? ఆవిడ శాస్త్రజ్ఞురాలు కాదు. ఆ మబ్బు అంతకుముందు లేనిదీ కాదు. ఎందరి నెత్తిమీదనుంచో ఎన్నోసార్లు పోయే ఉంటుంది. తలెత్తి చూసి, ఫోటో తీసి, నలుగురికీ చూపించినవాళ్ళ వల్ల దానికి పేరు వచ్చింది. రోజుకి మూడుసార్లు డాబా ఎక్కి దిగే మనకి ఆ అవకాశం ఇంకెంత ఉందో ఆలోచించండి!

ఫోటో తియ్యడంలో కొన్ని మెళకువలున్నాయి. మొదట మెత్తటి నూలుగుడ్డతో ఫోను కెమెరా అద్దం తుడవండి. వంటింటి జిడ్డు దానిమీద ఉండనే ఉంటుంది. తెరమీద మబ్బులో బాగా తెల్లగా ఉన్నచోట వేలితో తాకండి. వెలుతురు తగ్గించే గుర్తు వస్తే కాస్త తగ్గించండి. లేకపోతే మబ్బంతా సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంది, అందులోని మడతలు కనబడవు. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దు. నీళ్ళ ట్యాంకు చాటునో, మెట్లగది చాటునో సూర్యుణ్ణి ఉంచి తియ్యండి. జూమ్ చెయ్యకుండా ఉన్నదున్నట్టు తీస్తే నాణ్యంగా వస్తుంది. ఫోటోలో ఓ మూల చెట్టో, మేడో ఉండేలా చూడండి, మబ్బు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఒకేచోట నిలబడి అయిదేసి నిమిషాలకోటి తీస్తే అది ఎలా మారుతోందో కూడా తెలుస్తుంది.

అన్నిటికంటె ముఖ్యం ఓ నోటుబుక్కు. తేదీ, వేళ, ఏ దిక్కు, గాలి ఎటునుంచి, ఆ తర్వాత వాన పడిందా లేదా – ఈ అయిదూ రాసుకోండి. పాలలెక్క రాసే పుస్తకంలో చివరి పేజీలు చాలు. నా మొదటి మూడు ఫోటోలకీ నేనిది రాయలేదు. ఫోను మారినప్పుడు తేదీలూ పోయాయి. ఎంత అందంగా ఉన్నా, ఎప్పటివో తెలియని ఫోటోలు బొమ్మలుగానే మిగిలిపోయాయి.

ఇక చివరి మాట, దయచేసి శ్రద్ధగా వినండి. పిచ్చిగా ముదిరితే ఈ సరదా ప్రాణం మీదికి తెస్తుంది. కిందటేడు వేసవిలో ఒక సాయంత్రం సముద్రం వైపునుంచి నల్లటి మబ్బు గట్టులా వంపు తిరిగి వస్తోంది. దూరంగా ఉరుములు. ఇంకొకటి, ఇంకొకటి అని తీస్తూనే ఉన్నాను. కిందినుంచి అత్తగారు, "అమ్మాయ్, దిగిరా! వినపడ్డంలా?" అని కేకేశారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి రెండు మెట్లు ఎక్కేశారు కూడా. ఆవిడకోసమని దిగాను. వంటింట్లో అడుగుపెట్టానో లేదో, ఇల్లంతా తెల్లగా వెలిగి పెళ్ళుమంది. పిడుగు ఎదురింటి కొబ్బరిచెట్టు మీద పడింది. నా ఫోటోలన్నిట్లోనూ మూలన కొలబద్దలా నిలబడ్డ చెట్టది. మొవ్వు మాడిపోయింది. నేను నిలబడ్డ చోటికీ దానికీ నడుమ వీధి మాత్రమే అడ్డం.

అందుకని ఉరుము వినపడిందంటే ఫోటో సంగతి మర్చిపోండి. వినపడేంత దగ్గర్లో ఉన్న మేఘం మనమీద పిడుగు వెయ్యగలదు. వెంటనే దిగిపోండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్ళీ ఎక్కొద్దు. ఇనప దండేన్నీ, ట్యాంకునీ, రెయిలింగునీ ముట్టుకోవద్దు. మామూలు రోజుల్లోనైనా తెర చూస్తూ వెనక్కి నడవొద్దు. పిట్టగోడ ఎక్కడుందో ముందు చూసుకుని, ఒకచోట నిలబడి తియ్యండి. ఉరుము మేఘాన్ని తియ్యాలనిపిస్తే తలుపులు మూసుకుని గదిలోంచి, కిటికీ అద్దంలోంచి తియ్యండి. సీడర్ రాపిడ్స్‌లో ఆవిడ తీసిందీ కిటికీలోంచేగా!

మా అత్తగారు ఇప్పుడు మెట్లు ఎక్కడం లేదు. రోజూ సాయంత్రం నేను తీసిన ఫోటోలు తెచ్చి ఆవిడకి చూపిస్తాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది రేపటికి వానే" అంటారు. నోటుబుక్కులో ఆవిడ మాట కూడా రాస్తున్నాను. కిందటి నెల లెక్క చూస్తే పదింట ఏడు నిజమయ్యాయి. ఎదురింటి చెట్టు మోడుగా నిలబడే ఉంది. ఇప్పటికీ ప్రతి ఫోటోలోనూ ఓ మూల దాన్ని ఉంచుతున్నాను.

రేపు బట్టలారెయ్యడానికి వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం తలెత్తి చూడండి. సెలవు.