మీకు తెలుసా? టికెట్ల కన్నా మైళ్లే ముద్దు!

విమానం టికెట్ కొన్నప్పుడల్లా మన జేబుకు చిల్లు పడినట్టే ఉంటుంది. కంపెనీకి మిగిలేది మాత్రం చిల్లరే. ప్రపంచ విమానయాన సంస్థల సంఘం 'అయాటా' 2024 జూన్‌లో వేసిన అంచనా ప్రకారం ఆ ఏడాది ఒక్కో ప్రయాణికుడి మీద నికర లాభం 6.14 డాలర్లు. అంటే సుమారు 510 రూపాయలు!

మరి అసలు డబ్బు ఎక్కడుంది? అమెరికాలోనైతే క్రెడిట్ కార్డులో. అక్కడి డెల్టా విమాన సంస్థ తన 'మైళ్ల'ను, అంటే టికెట్లుగా మార్చుకోగల పాయింట్లను, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు టోకున అమ్ముతుంది. ఆ కార్డు కంపెనీ వాటిని ఖాతాదారులకు పంచుతుంది. డాలస్‌లో మనవాళ్లెవరో ఈ కార్డు గీకి సోనా మసూరి బస్తా కొన్నా, విమానం ఎక్కకుండానే డెల్టాకు ఆదాయం అన్నమాట. 2023లో ఈ ఒప్పందం మీద ఆ సంస్థకు దాదాపు 700 కోట్ల డాలర్లు ముట్టాయి.

కరోనా వేళ ఇంకో విచిత్రం. 2020లో విమానాలు నేలకు అతుక్కుపోతే, యునైటెడ్ సంస్థ తన మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. ఆ పథకం విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. స్టాక్ మార్కెట్లో అప్పటి మొత్తం కంపెనీ ధర అంతకన్నా తక్కువే!

మన ఇండిగోది వేరే దారి: వందల విమానాలు ఒకేసారి బేరమాడి చవకగా కొనడం, వాటిని అమ్మేసి మళ్లీ అద్దెకు తీసుకోవడం.