4.3 కడుపు మంట, కడుపు నొప్పి: లక్షణం ఒకటి, కారణాలు అనేకం

జీర్ణవ్యవస్థ నిర్మాణాన్ని, జీర్ణక్రియ జరిగే తీరును మీరు ఇంతకు ముందే చదివారు. ఆ వ్యవస్థ పై భాగంలో, అంటే ఆహారవాహిక, జీర్ణాశయం, ఆంత్రమూలాలలో తరచుగా వచ్చే రుగ్మతలను ఈ భాగంలో తెలుసుకొంటారు. అతిసారం, మలబద్ధకం తరువాతి భాగంలో వస్తాయి.

మన ఇళ్లలో బొడ్డుకు పైన ఏ బాధ కలిగినా 'గ్యాస్' అనడం అలవాటు. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, ఉబ్బరం, వెన్నుకు పాకే నొప్పి అన్నీ ఆ ఒక్క మాటలోనే చేరిపోతాయి. మందుల షాపులో ఒక మాత్ర కొని వేసుకొంటే బాధ తగ్గుతుంది కూడా. కాని బాధ తగ్గడం వేరు, దాని కారణం తొలగడం వేరు. ఈ పాఠం చదివేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోండి.

జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్రవిస్తుంది. ఆహారంతో వచ్చే సూక్ష్మజీవులలో చాలావాటిని చంపడానికి, పెప్సిన్ పనిచేయడానికి ఇది అవసరం. ఇంత తీవ్రమైన ఆమ్లం జీర్ణాశయాన్నే ఎందుకు తినివేయదు? లోపలి గోడపై శ్లేష్మం, బైకార్బొనేట్ కలిసి ఒక రక్షణ పొరగా ఉంటాయి. ఆహారవాహికకు ఇటువంటి బలమైన రక్షణ లేదు. అందువల్ల రెండింటి మధ్య ఉన్న సంవరణి కండరం సడలినప్పుడు ఆమ్లం పైకి ఎగదన్ని, రొమ్ము ఎముక వెనుక మంట పుడుతుంది. భోజనం చేసిన వెంటనే పడుకొన్నా, ముందుకు వంగినా ఈ మంట ఎక్కువవుతుంది. స్థూలకాయం, గర్భధారణ, పొగతాగడం దీనికి దోహదం చేస్తాయి. కొందరిలో మంట లేకుండా పొడి దగ్గు, ఉదయాన గొంతు బొంగురుపోవడం మాత్రమే కనిపిస్తాయి. వీరు చాలాకాలం గొంతుకే వైద్యం చేయించుకొంటూ ఉంటారు.

రక్షణ పొర దెబ్బతిని, ఆమ్లం గోడను తాకినప్పుడు ఏర్పడే పుండును పెప్టిక్ పుండు అంటారు. ఇది జీర్ణాశయంలోగాని, ఆంత్రమూలంలోగాని రావచ్చు. కారం, ఆవకాయ, దిగులు దీనికి కారణాలని మనలో బలమైన నమ్మకం ఉంది. వైద్యులు కూడా చాలాకాలం మానసిక ఒత్తిడినే ప్రధాన కారణంగా భావించారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1980 దశకం మొదట్లో ఈ అభిప్రాయాన్ని సవాలు చేశారు. రోగుల జీర్ణాశయ గోడలో మెలితిరిగిన ఒక బాక్టీరియాను వారు గుర్తించారు. అంత ఆమ్లంలో ఏ బాక్టీరియా బతుకుతుందని చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా ద్రవాన్ని స్వయంగా తాగారు. కొద్ది రోజులలో వికారం, వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీలో జీర్ణాశయపు లోపలి పొర వాచినట్లు తేలింది. ఆయనకు పుండు పడలేదన్న సంగతి గమనించండి. బాక్టీరియా వాపును కలిగించగలదని మాత్రమే ఆ ప్రయోగం చూపింది. పుండుతో దీనికి గల సంబంధం తరువాతి చికిత్సా ఫలితాలతో రూఢి అయింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఆ బాక్టీరియా పేరు హెలికోబాక్టర్ పైలోరీ. అది యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి అమ్మోనియాను తయారుచేసి, తన చుట్టూ ఆమ్లాన్ని తటస్థం చేసుకొంటుంది. ఇది సోకినవారిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. పుండు ఉండి, ఈ బాక్టీరియా కూడా ఉన్నట్లు పరీక్షలో తేలితే, ఆమ్లాన్ని తగ్గించే మందుతోపాటు యాంటీబయాటిక్‌లు ఇస్తారు. ఆమ్లం మాత్ర ఒక్కటే వాడితే పుండు మాని, మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

రెండో ముఖ్య కారణం నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి డైక్లోఫెనాక్ వంటివి వాడే పెద్దలు మీ ఇంట్లోనే ఉండవచ్చు. శ్లేష్మ పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని ఇవి తగ్గిస్తాయి. నొప్పిని అణచే మందే కావడం వల్ల పుండు నొప్పి తెలియకపోవచ్చు. రక్తస్రావమే మొదటి లక్షణంగా బయటపడవచ్చు. కారం పుండును పుట్టించదు, ఉన్న బాధను పెంచవచ్చు. ఆవకాయ మానేసి నొప్పి మాత్ర కొనసాగించడం వల్ల ప్రయోజనం లేదు.

ఆంత్రమూలపు పుండు నొప్పి సాధారణంగా ఖాళీ కడుపుతో, అర్ధరాత్రి వేళ వచ్చి, ఏదైనా తింటే తగ్గుతుంది. జీర్ణాశయపు పుండు నొప్పి తిన్న తరువాత ఎక్కువ కావచ్చు. అందరిలోను ఇలాగే ఉండదు కాబట్టి దీన్నిబట్టి మాత్రమే రోగనిర్ధారణ చేయరాదు. కొవ్వు పదార్థాలు తిన్నాక కుడి పక్కటెముకల కింద మొదలై కుడి భుజానికి పాకే నొప్పి అయితే పిత్తాశయంలో రాళ్లను అనుమానించాలి.

తారులాగా నల్లగా, జిగటగా మలం రావడం, రక్తపు వాంతి లేదా కాఫీపొడిలాంటి వాంతి కావడం రక్తస్రావానికి సూచనలు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. (ఐరన్ మాత్రలు వాడేవారికీ మలం నల్లబడుతుంది, కాని తారులా జిగటగా ఉండదు.) కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టం కావడం, రక్తహీనత కనిపిస్తే ఎండోస్కోపీ అవసరమవుతుంది.

ఇక, 'గ్యాస్' అనుకొన్నది గుండెపోటు కావచ్చు. గుండె కింది భాగానికి రక్తం అందనప్పుడు నొప్పి పొట్ట పైభాగంలోనే తెలియవచ్చు. చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి తోడైతే సోడా తాగి చూద్దామని ఆగకూడదు. మధుమేహం ఉన్నవారిలో ఈ లక్షణాలు స్పష్టంగా లేకపోవచ్చు కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హెలికోబాక్టర్ పైలోరీ ఆమ్లంలో ఎలా జీవించగలుగుతుంది?

2. 65 సంవత్సరాల వ్యక్తి కీళ్ల నొప్పులకు రోజూ మాత్రలు వాడుతున్నాడు. కడుపు నొప్పి లేదు, కాని రెండు రోజులుగా మలం తారులా నల్లగా వస్తోంది. మీరు ఏమి అనుమానిస్తారు? ఎందుకు?