కంప్యూటర్ ‘గర్భగుడి’కి ఏ భాష మేలు?

పోర్ట్ బ్లెయిర్: చెన్నై తీరం నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్ర గర్భంలో వేసిన 2,312 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. సుమారు 1,224 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన ఈ కేబుల్ వల్ల, అంతవరకు ఉపగ్రహాలపైనే ఆధారపడిన దీవులకు వేగవంతమైన ఇంటర్నెట్ సదుపాయం కలిగింది. అయితే తీగ ఎంత పటిష్ఠమైనదైనా దాని చివరనున్న కంప్యూటర్ మొరాయిస్తే ఫలితం శూన్యం. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం అయిన కెర్నెల్‌ను ఏ భాషలో రాయాలన్నది మూడు దశాబ్దాలకు పైగా నిపుణుల మధ్య నలుగుతున్న ప్రశ్న.

ఇది కేవలం పండితుల చర్చ కాదని 2024 జూలై 19న లోకానికి తెలిసివచ్చింది. ఆనాడు భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39 గంటలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ పంపిన సవరణ ఫైలు కారణంగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో కోల్‌కతా వెళ్ళే ప్రయాణికునికి చేతితో రాసిన బోర్డింగ్ పాస్ ఇవ్వవలసి వచ్చింది. 20 విలువలు మాత్రమే ఉన్న చోట 21వ విలువను చదవబోవడమే ఈ ఉపద్రవానికి మూలమని ఆ సంస్థ తన విచారణలో తేల్చింది. సాధారణ ప్రోగ్రాంలో ఇటువంటి పొరపాటు జరిగితే ఆ ఒక్క ప్రోగ్రామే ఆగిపోతుంది. కెర్నెల్‌లో జరిగితే యావత్తు యంత్రమే నిలిచిపోతుంది.

‘సి’ భాష ఆధిపత్యం

కెర్నెల్ కంప్యూటర్‌కు గర్భగుడి వంటిది. మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ అన్నీ దాని అధీనంలోనే ఉంటాయి. 1973లో యునిక్స్ కెర్నెల్‌ను ‘సి’ భాషలో తిరగరాసినది మొదలు ఈ రంగంలో ఆ భాషదే పైచేయి. ప్రోగ్రాం రాసేవారు యంత్రంలోని ప్రతి అక్షరాన్నీ స్వయంగా నియంత్రించగలగడం దాని బలం. పొరపాటును భాష తనంతట తాను పట్టుకోకపోవడం దాని బలహీనత.

ఆ తరువాత ప్రాచుర్యంలోకి వచ్చిన ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలలో సమాచారాన్నీ, దానిపై పనిచేసే సూచనలనూ ఒకే కట్టుగా ఉంచుతారు. బ్యాంకులో ఖాతాదారు లెడ్జరును తానే దిద్దుకోడు, కౌంటరులోని గుమాస్తాను అడుగుతాడు. ఇదీ అటువంటి ఏర్పాటే. బెల్ ల్యాబ్స్‌లో బ్యార్నె స్ట్రౌస్ట్రప్ రూపొందించిన ‘సి ప్లస్ ప్లస్’ వీటిలో ప్రసిద్ధమైనది. ఒకప్పుడు నోకియా ఫోన్లను నడిపిన సింబియన్ కెర్నెల్, గూగుల్ రూపొందించిన జిర్కాన్ కెర్నెల్ ఈ భాషలోనివే. ఆపిల్ కంప్యూటర్లలోని డ్రైవర్ల వ్యవస్థకు కూడా ఈ భాషనే, కొన్ని పరిమితులతో, వినియోగించారు.

లైనక్స్ మాత్రం ఈ దారి పట్టలేదు. 1992లో ఒకసారి సి ప్లస్ ప్లస్‌ను ప్రయత్నించి విడిచిపెట్టారు. తెర వెనుక భాష తనంతట తాను మెమరీ కేటాయించడం, అనుకోని లోపం తలెత్తినప్పుడు ప్రోగ్రాం హఠాత్తుగా దారి మళ్ళడం వంటివి కెర్నెల్‌కు తగవన్నది దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వాదన. విశేషమేమంటే ఆబ్జెక్టుల ఆలోచనను లైనక్స్ తిరస్కరించలేదు. ప్రతి ఫైల్ వ్యవస్థ తాను చేయగల పనుల పట్టికను కెర్నెల్‌కు అందజేస్తుంది. భాష ‘సి’ అయినా పద్ధతి ఆబ్జెక్టులదే. కోట్లాది ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేస్తున్నది ఈ కెర్నెలే.

రస్ట్ రాకతో మలుపు

లేని 21వ విలువను చదవకుండా సి ప్లస్ ప్లస్ కూడా దానంతట అది అడ్డుకోదు. హద్దులను సరిచూసే బాధ్యత రాసేవారిదే. తమ ఉత్పత్తులలోని భద్రతా లోపాలలో దాదాపు 70 శాతం మెమరీ పొరపాట్ల వల్లనేనని మైక్రోసాఫ్ట్ 2019లో వెల్లడించింది. ఈ నేపథ్యంలోనే రస్ట్ భాష ముందుకు వచ్చింది. వారసత్వం వంటి సంప్రదాయ ఆబ్జెక్ట్ లక్షణాలు ఇందులో లేవు. మెమరీ తప్పులను చాలావరకు ప్రోగ్రాం తయారీ దశలోనే పట్టుకోవడం దీని ప్రత్యేకత. 2022 డిసెంబరులో వెలువడిన లైనక్స్ 6.1లో దీనికి చోటు లభించింది. విండోస్ కెర్నెల్‌లోని కొన్ని భాగాలను రస్ట్‌లో తిరగరాస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ 2023లో తెలిపింది.

అయినా భాష ఒక్కటే సర్వరోగ నివారిణి కాదు. హద్దు దాటిన పఠనాన్ని రస్ట్ ఆపినా, ఆ తరువాత యంత్రం ఎలా కోలుకోవాలన్నది రూపకర్తలు ముందే నిర్ణయించాలి. క్రౌడ్‌స్ట్రైక్ తన ఫైలును 78 నిమిషాలలో ఉపసంహరించుకున్నా, కూలిన యంత్రాలలో అనేకం సాంకేతిక సిబ్బంది ఒక్కొక్కదాని ముందు కూర్చొని సరిచేస్తే తప్ప లేవలేదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లోనైతే కేబుల్ ద్వారా సవరణలు క్షణాలలో చేరగలవు. కారు నికోబార్‌కు, కమోర్టాకు మనిషి చేరాలంటే మాత్రం ఓడనో హెలికాప్టరునో ఆశ్రయించవలసిందే. కెర్నెల్‌లో దొర్లే ఒక్క తప్పు ఖరీదు దూర ప్రాంతాలకే ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 13 మంది తెలుగు మాట్లాడే ఈ దీవులకు, ఎక్కడో రాసే ఆ కెర్నెల్ భాష సంగతి అందుకే దూరపు వ్యవహారం కాదు.